తీయవద్దన్న సొట్ట

నేను డెంటర్‌ని. గుద్దుకున్న కార్లకు సొట్టలు తీసి, రేకును మళ్ళీ దాని రూపానికి తేవడం నా పని. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఒమన్‌కి వచ్చిన కొత్తలో బిల్డింగ్ సైట్‌లో సిమెంటు దిమ్మెలు మోశాను. తర్వాత వీసా మార్చుకుని మస్కట్‌లోని బౌషర్‌లో ఒక గ్యారేజీలో చేరాను. అక్కడ పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక ముసలి ఉస్తాద్ నాకు సుత్తి పట్టుకోవడం నేర్పాడు. ఆయన తన దేశం వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు గ్యారేజీలో అందరూ నన్నే ఉస్తాద్ అంటారు. ఆ పిలుపు నాకు ఇష్టం. ఎంత ఇష్టమంటే, దాని కోసమే నేనొక తప్పు చేశాను.

ఈ మధ్య ఒమన్‌లో పాత అమెరికా కార్ల మోజు పెరిగింది. తాతల కాలం నాటి బండ్లను తోటల్లోంచి, పాత ఇళ్ళ వెనకనుంచి బయటికి లాగి బాగు చేయించుకుంటున్నారు. శుక్రవారాలు సముద్రం ఒడ్డున వరసగా నిలబెట్టి ఫోటోలు తీసుకుంటారు. అలాంటివి మా గ్యారేజీకి చాలానే వచ్చాయి. కానీ స్టేషన్ వ్యాగన్ రావడం అదే మొదలు.

అది సముద్రానికి దూరంగా, కొండల వైపున్న బహ్లా నుంచి రికవరీ లారీ మీద వచ్చింది. మామూలు కారుకు ఒకటిన్నర రెట్లు పొడవు. లోపల మూడు వరసల సీట్లు. మూడో వరస వెనక్కి తిరిగి ఉంటుంది, అందులో కూర్చున్నవాళ్ళకు ముందు దారి కాకుండా వదిలేసి వచ్చిన దారి కనిపిస్తుంది. వెనక తలుపు కిందికీ తెరుచుకుంటుంది, పక్కకీ తెరుచుకుంటుంది. రెండు పక్కలా నడుము ఎత్తున చెక్క పలకలు బిగించినట్టు చెక్క రంగు స్టిక్కర్. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదట. బహ్లా ఎండకు ఆ రంగు బూజు పట్టిన పెసరపప్పులా అయింది. అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ముట్టుకుంటే పొడైపోయింది. కానీ తుప్పు లేదు. సముద్రం పక్కన ఉన్న బండ్లను తినేసినట్టు తుప్పు దాన్ని తినలేదు. నేల రేకు సుత్తితో కొట్టి చూస్తే గంటలా మోగింది. ఆ మోత వినగానే నాకు మనసు పోయింది దాని మీద.

బండి తెచ్చింది కొడుకు. మస్కట్‌లో పెద్ద ఉద్యోగం, నలభై ఐదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న కూడా వెంట వచ్చారు. ఎనభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నారు. కొడుకు మేనేజర్‌తో మాట్లాడుతుంటే పెద్దాయన నా పక్కన నిలబడి బండి లారీ దిగడం చూస్తున్నారు. నాతో హిందీలో మాట్లాడారు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"కువైట్‌లో," అన్నారు. "నా వయసువాళ్ళం చాలామందిమి కూలికి అక్కడికే పోయాం. అప్పట్లో ఇక్కడ పని లేదు. ఒక్క రూమ్‌లో పదిమందిమి, సగం మంది మీవాళ్ళే. ఈ బండి అక్కడే కొన్నాను. నేనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాను. ఎనిమిది రోజులు పట్టింది."

ఒక ఒమనీ పెద్దమనిషి నా ముందు నిలబడి, నేనూ నీలాగే రూమ్‌లో ఉన్నవాణ్ణే అని చెప్పడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. స్టూలు తెచ్చి నీడలో వేశాను. ఆయన కూర్చోలేదు. బండి చుట్టూ తిరిగి ఎడమవైపు వెనక తలుపు దగ్గర ఆగారు. అక్కడ తలుపు కింది భాగంలో పెద్ద సొట్ట ఉంది. అరచేయి మొత్తం పట్టేంత లోతు. దాని మీద స్టిక్కర్ చిరిగి, రేకు గీసుకుపోయి ఉంది.

"బేటా, అన్నీ బాగు చెయ్యి. దీన్ని మాత్రం తీయకు," అన్నారు.

"ఎందుకు బాబా?"

"ఇది నా భార్య కొట్టిన దెబ్బ."

ఆయన చెప్పింది ఇది. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఖర్జూరం తోటలో ఆయన్ను పాము కరిచింది. చుట్టుపక్కల మగవాళ్ళెవరూ లేరు. ఆసుపత్రి నలభై కిలోమీటర్ల అవతల నిజ్వాలో. ఆవిడ అంతవరకూ స్టీరింగ్ ముట్టుకోలేదు. పక్క సీట్లో కూర్చుని ఆయన నడపడం చూసిందే. బండి ఆటోమేటిక్ గేరుది కాబట్టి సరిపోయింది. ఆయన్ను వెనక సీట్లో పడుకోబెట్టి, పిల్లలను మూడో వరసలోకి ఎక్కించి, తానే నడిపింది. తోట సందు మలుపులో మట్టి గోడకు రాసుకుని ఆ సొట్ట పడింది. ఆవిడ ఆగలేదు.

"ఆ ఒక్కసారే నడిపింది. మళ్ళీ ఎప్పుడూ నడపలేదు," అన్నారు పెద్దాయన. "రంగు వెయ్యి, పర్వాలేదు. సొట్ట మాత్రం ఉండాలి. ఉంచుతావా?"

"ఉంచుతాను బాబా," అన్నాను.

ఆ సంగతి కొడుకుకు ఆయన చెప్పలేదు. నాకే చెప్పారు. పని చేసేది నేనే కదా, నాకు చెబితే చాలనుకున్నారు.

పని నాలుగు నెలలు సాగింది. కొడుకుకు రూపం పాతది కావాలి, ప్రయాణం కొత్తది కావాలి. మెకానిక్‌లు ఇంజన్ దించి మరమ్మతు చేశారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టారు. పాత గాలి రంధ్రాల్లోంచే చల్లగాలి వచ్చేటట్టు కొత్త ఏసీ అమర్చారు. సీట్లకు తోలు వేయించారు. చెక్క రంగు స్టిక్కర్ బయటి దేశం నుంచి తెప్పించారు. బాడీ మొత్తం నాది. పాత రంగు గీకేసి, ఒక్కో రేకును చేత్తో తడుముతూ సరిచేశాను. మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది. కంటికి కనబడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. కుడివైపు పూర్తయ్యాక పక్కనుంచి చూస్తే ట్యూబులైటు వెలుగు మొదటినుంచి చివరిదాకా గీత గీసినట్టు పోయింది. పక్క గ్యారేజీలవాళ్ళు వచ్చి ఫోన్‌లలో వీడియోలు తీసుకున్నారు. మేనేజర్ కొత్త కస్టమర్లను తీసుకొచ్చి, "ఇదీ మా ఉస్తాద్ పని," అని చూపించేవాడు.

ఎడమవైపుకు వచ్చాను. సొట్ట ఉన్న తలుపు ఒక్కటీ వదిలి మిగతాదంతా పూర్తి చేశాను. అప్పుడు నిలబడి చూస్తే నాకు ఆ తలుపు తప్ప ఇంకేదీ కనిపించలేదు.

మా పెయింటర్‌ది నిర్మల్ దగ్గర ఒక ఊరు. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఆ తలుపు దగ్గర నేను సుత్తి పట్టుకుని కూర్చుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఏందిరా, పెద్దమనిషి గది తియ్యద్దన్నడని నువ్వే చెప్తివి గద?"

"అన్నా, దీని మీద స్టిక్కర్ పట్టదే. ఎండకు బుడగలొస్తయ్."

"వస్తే రానియ్. ఆయన బండి."

"గిది కార్ల షోకు పోయే బండే. గింత సొట్ట ఇడిసిపెడితే చూసినోళ్ళు ఏమంటరు? వీనికి చేతగాక ఇడిసిండంటరు. ఆయన వచ్చి అందరికీ పాము కథ చెప్తడా?"

"ఉంచుతనని మాటిచ్చినవా, లేదా?"

"ఇచ్చిన. తళతళ మెరిసే బండి చూసినంక ఆయనకు గది యాదికి కూడా రాదు."

అన్న నా చేతిలోని సుత్తిని చూసి, "నాకైతే మంచిగనిపిస్తలేదు," అని వెళ్ళిపోయాడు.

స్టిక్కర్ పట్టదన్నది పూర్తిగా అబద్ధం కాదు. కానీ కారణం అది కాదని నాకు అప్పుడే తెలుసు. ఆ మధ్యాహ్నమే కొడుకు ఫోన్ చేశాడు. పని ఎంతవరకు వచ్చిందని అడిగి, "నాన్న నీతో ఏమైనా ప్రత్యేకంగా చెప్పారా?" అన్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. "లేదు సార్, బండి చూసుకుని సంతోషపడ్డారు, అంతే," అన్నాను.

తలుపు లోపలి అట్ట విప్పి, రేకు వెనకనుంచి డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి, కొంచెం వేడి చేసి, ముందునుంచి సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ వచ్చాను. పాత కార్ల రేకు మందంగా ఉంటుంది, మాట వింటుంది. గంట కూడా పట్టలేదు. చివరి మడత టప్‌మని బయటికి వచ్చింది. చేత్తో తడిమి చూశాను. నున్నగా ఉంది. అన్నేళ్ళ నా పనిలో అంత శుభ్రంగా వచ్చిన రేకు ఇంకోటి లేదు. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. దాన్ని ఇప్పుడు కాదనలేను.

బండి ఇచ్చే రోజు కొడుకు నన్నూ బహ్లాకు రమ్మన్నాడు. "నాన్నకు నువ్వే తాళాలు ఇవ్వాలి ఉస్తాద్," అన్నాడు. నిజ్వా దారి పొడుగునా పక్క కార్లవాళ్ళు కిటికీలు దించి బొటనవేలు ఎత్తి మెచ్చుకున్నారు. పెట్రోలు బంకులో ఒకతను దిగి వచ్చి బండితో ఫోటో దిగాడు. కొడుకు చిన్నపిల్లాడిలా నవ్వుతూ, మూడో వరసలో తానూ అక్కా కూర్చుని వెనక వచ్చే లారీలకు చేతులూపిన సంగతులు చెప్పాడు. ఆ దారంతా నేను పెళ్ళికొడుకులా కూర్చున్నాను.

ఇంటి ముందు పెద్దాయన తెల్లని దుస్తుల్లో నిలబడి ఉన్నారు. నలుగురైదుగురు బంధువులున్నారు. ఖర్జూరాలు, కాఫీ సిద్ధంగా ఉన్నాయి. నా చేతుల్లోంచి తాళాలు తీసుకుని, నా చేయి రెండు చేతులతో పట్టుకున్నారు. తర్వాత కుడివైపునుంచి మొదలుపెట్టి మెల్లగా బండి చుట్టూ తిరిగారు. వెనక తలుపు రెండు రకాలుగా తెరిచి చూసి నవ్వారు. ఎడమవైపుకు తిరిగారు. సొట్ట ఉండాల్సిన తలుపు దగ్గర వంగారు. వంగినవారు చాలాసేపు అలాగే ఉన్నారు.

తలెత్తి నా వైపు చూశారు. కోపం చూపిస్తారనుకున్నాను. "మంచి పని," అని మాత్రం అన్నారు అరబీలో, బంధువులకు వినపడేటట్టు.

ఇంతలో లోపలినుంచి ఆయన కూతురు వాళ్ళమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. చిన్నగా, వంగిపోయి ఉన్న మనిషి. ఆవిడకు మతిమరుపు జబ్బని నాకు అప్పుడే తెలిసింది. కొడుకు నా చెవిలో చెప్పాడు. "అమ్మకు మా పేర్లు కూడా గుర్తుండవు. కానీ ఈ బండి గుర్తు. షెడ్డులో పడి ఉన్నప్పుడు కూడా నాన్న రోజూ తీసుకెళ్ళి చూపించేవారు. దాని దగ్గరికి వెళ్తే నవ్వుతుంది, ఏవో పాత మాటలు మాట్లాడుతుంది."

పెద్దావిడ బండిని చూశారు. ముందు భాగం చూసి ఆగలేదు. నేరుగా ఎడమవైపు వెనక తలుపు దగ్గరకు నడిచారు. అలవాటుగా చేయి చాచి తలుపు కింది భాగంలో పెట్టారు. చేయి అటూ ఇటూ కదిపారు. కాస్త పైకి, కాస్త కిందికి. రెండో చేయి కూడా పెట్టారు. కొడుక్కి ఇంకా ఏమీ అర్థం కాలేదు.

ఆవిడ భర్త వైపు తిరిగి అడిగారు. నాకు వచ్చిన అరబీ ఆ మాటలకు సరిపోయింది.

"ఇది ఎవరి బండి?"

"మనదే," అన్నారు పెద్దాయన.

"మనది కాదు. మనదానికి నేను గోడకు కొట్టిన దెబ్బ ఉంటుంది."

"బాగు చేయించాం. మనదే, చూడు."

ఆవిడ ఇంకోసారి తడిమి చూశారు. తర్వాత పరాయివాళ్ళ వస్తువు మీదనుంచి తీసినట్టు చేయి తీసేసి, తల మీది ముసుగు సర్దుకుని, కూతురితో లోపలికి వెళ్ళిపోయారు.

కొడుకు తండ్రిని ఏదో అడిగాడు. ఆయన రెండు మాటల్లో చెప్పారు. కొడుకు నా వైపు తిరిగి, "నీకు చెప్పారా? నేను ఫోన్‌లో అడిగితే ఏమీ చెప్పలేదన్నావు," అన్నాడు. గొంతు పెంచలేదు. పెద్దాయన అడ్డుపడ్డారు. "అతనికి సగమే చెప్పాను. ఆమె జబ్బు సంగతి చెప్పలేదు. నాదీ తప్పే," అన్నారు. తిడితే బాగుండేది. ఆ మాట నేను మోయలేకపోయాను. "సారీ బాబా" అన్నాను. మా గ్యారేజీలో ఎవరి కాలైనా తొక్కితే అనే మాట అది.

బౌషర్‌కి తిరిగొచ్చాను. పెయింటర్ అన్నకు జరిగింది చెప్పాను. చెప్పిన మాట విననందుకు తిడతాడనుకున్నాను. అతను టీ గ్లాసు నా ముందు పెట్టి, "మల్ల పోయి కలువు," అన్నాడు.

శుక్రవారం షేర్ టాక్సీలో బహ్లా వెళ్ళాను. సంచిలో సుత్తి, డాలీ, చిన్న గ్యాసు బర్నర్ ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు ప్రతి బండికీ అన్నివైపులా ఫోటోలు తీసి పెట్టుకోవడం నా అలవాటు. ఆ సొట్ట ఫోటోలు నా ఫోన్‌లో ఏడు ఉన్నాయి. ఎంత లోతో, మడత ఎటు తిరిగిందో, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అన్నీ కనిపిస్తాయి. అచ్చం అలాగే మళ్ళీ కొట్టగలనని నాకు నమ్మకం.

పెద్దాయన అరుగు మీద చాప పరిపించి నన్ను కూర్చోబెట్టారు. వచ్చిన పని చెప్పాను. ఫోటోలు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కోటీ చూశారు. సొట్ట మీద వేలు పెట్టి, తెర కదిలిపోతే మళ్ళీ పెట్టారు.

"అలాగే వస్తుందా?"

"వస్తుంది బాబా. తేడా తెలియదు."

"ఆమెకు తెలియకపోవచ్చు," అన్నారు. కళ్ళద్దాలు తీసి, "కానీ నువ్వు కొడితే అది నువ్వు కొట్టిన దెబ్బ అవుతుంది. రోజూ ఆమె దాని మీద చేయి పెట్టి నవ్వుతుంటే పక్కన నిలబడి నేను చూడాలి. ఆమెను మోసం చేయడం నా వల్ల కాదు బేటా. ఇప్పటికే రోజూ చాలా చిన్న చిన్న అబద్ధాలు చెబుతున్నాను," అన్నారు.

ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. సంచి విప్పకుండానే భోజనానికి లేవదీశారు. నేను మాంసం సరిగా తినడం లేదని గమనించి, ఇంట్లోంచి పప్పు తెప్పించారు. కువైట్‌లో మావాళ్ళు ఎవరో నేర్పారట, మిరియాలు వేసి వండుతారు. వెళ్ళేటప్పుడు ఆ ఫోటోల్లో ఒకటి పంపమన్నారు. అక్కడే ఆయన ఫోన్‌కి పంపాను. తర్వాత బౌషర్ స్టూడియోలో దాన్ని పెద్దదిగా కడిగించి కొడుకు చేత పంపించాను. ప్రయోజనం లేకపోయింది. పెద్దావిడ దాన్ని చూసి పక్కన పెట్టేశారట. ఫోటోలో సొట్ట చేతికి తగలదు కదా.

కొన్ని నెలల తర్వాత కొడుకు చక్రాలు మార్పించడానికి బండి తెచ్చాడు. అప్పటికి దాన్ని బహ్లాలో ఉంచడం మానేసి బౌషర్‌లో తన ఇంట్లో పెట్టుకున్నాడు. నాతో ఎప్పటిలాగే మర్యాదగా మాట్లాడాడు. నేనే ఉండబట్టలేక అడిగాను, అమ్మగారు ఎప్పుడైనా అందులో ఎక్కారా అని.

"ఒకసారి ఎక్కింది," అన్నాడు. "నాన్న నడిపారు. వెనక సీట్లో కూర్చుని, దారిలో నాన్నను అడిగిందట, నాయనా నీది ఏ ఊరు, నన్ను మా ఇంటి దగ్గర దించుతావా అని. నాన్న బండి తిప్పి ఇంటికి తెచ్చారు. మళ్ళీ ఎక్కించలేదు."

అతను తాళం నా చేతికిచ్చి వెళ్ళాడు. నేను చక్రాలు మార్పించి, బండి కడిగించి, సాయంత్రానికల్లా సిద్ధం చేయించాను. ఎడమవైపు నేను వెళ్ళలేదు.

ఆ బండి వల్ల నాకు పేరు వచ్చింది. సముద్రం ఒడ్డున పాత కార్ల మధ్య దాన్ని చూసినవాళ్ళు వెతుక్కుంటూ మా గ్యారేజీకి వస్తారు. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని సలాలా నుంచి ఒకతను కేవలం ఎడమవైపు తీసిన ఫోటో చూసి తన బండి పంపించాడు. రేకు మీద ఎక్కడా అల లేదు, నీ చేతిలో ఏముందో అన్నాడు. నేను ఇప్పుడు సుత్తి పట్టుకునే ముందు బండి ఇచ్చినవాళ్ళను ఒక్కో దెబ్బ దగ్గరకు తీసుకెళ్ళి, ఇది తీయమంటారా అని అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. తీయడానికే కదా తెచ్చాం అంటారు. ఇంతవరకు ఎవరూ వద్దనలేదు.

పెద్దాయన ప్రతి ఈద్‌కి ఫోన్ చేస్తారు. ఆవిడ ఉన్నారు, మంచం దిగడం లేదట. బండి మాట ఆయన ఎత్తరు, నేనూ ఎత్తను. క్షమించమని అడగడానికి అరబీలో ఒక సరైన మాట ఉంది. మా గ్యారేజీలో పని చేసే ఒమనీ చేత పలికించుకుని నేర్చుకున్నాను. మొన్న ఈద్‌కి అది చెప్పాలనుకుని, ఫోన్ వస్తే సుత్తి కింద పెట్టి బయట ఎండలోకి వెళ్ళి మాట్లాడాను. ఆయన ముందుగా మా అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగారు. ఆపరేషన్ చేయించమంటున్నారని చెప్పాను. ఏ నూనె రాయాలో, ఎన్ని రోజులు రాయాలో ఆయన వివరంగా చెప్పారు. నేను అలాగే బాబా, అలాగే బాబా అంటూ విన్నాను. తర్వాత ఆయన భార్యకు మందు వేసే వేళ అయిందని ఫోన్ పెట్టేశారు.